అప్పుడే సెట్టు అయిపోయిందా?

2025 అక్టోబరులో ఓ సాయంత్రం మా బాబాయిని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి తీసుకెళ్లాను. ప్రైమ్ వాలీబాల్ లీగ్ నాలుగో సీజన్ అక్కడే జరుగుతోంది. బాబాయికి 70 దాటాయి. ఒకప్పుడు రైల్వేకి ఆడాడు. ఆ ఆటే ఉద్యోగం ఇచ్చింది, ఆ ఉద్యోగమే ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసింది. మోకాళ్లు పోయాయి గానీ కళ్లు ఇంకా బంతి మీదే ఉంటాయి. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి మంచినీళ్ల సీసా, రెండు సమోసాలు తెద్దామని బయటికెళ్లాను. సమోసాల దగ్గర కాస్త ఆలస్యమైన మాట నిజమే. తిరిగొచ్చేసరికి జట్లు కోర్టు మారుతున్నాయి.

"టైమవుటా బాబాయ్?"

"సెట్టు అయిపోయిందంటరా. 15కేనంట. ఆ ఎడంచేతోడి సర్వీసు ఇంకోసారి చూద్దామనుకుంటన్నా, వాడి వంతు రాకముందే అయిపోయింది."

అప్పటికి నవ్వేసి సమోసా చేతిలో పెట్టాను. ఆ మాట మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

ముందే చెప్పేస్తాను, ఈ లీగు మీద నాకు కోపం లేదు. టికెట్టు కొనుక్కుని వెళ్తాను, ఇంట్లో రిమోట్ కోసం గొడవపడి మరీ చూస్తాను. మా అబ్బాయికి హైదరాబాద్ బ్లాక్ హాక్స్ జెర్సీ కొనిపెట్టాను, వాడు దాన్ని ఉతకనివ్వడు. నా ఫిర్యాదు ఒక్కటే: దీన్ని అన్ని వైపుల నుంచీ కురచ చేశారు. సెట్టు కురచ, సీజను కురచ, జట్టుకీ ఊరికీ మధ్య బంధమూ కురచే. కొన్ని ఆటలకి కత్తిరింపు నప్పుతుంది. వాలీబాల్‌కి నప్పదని నా వాదన.

విచిత్రమేమిటంటే బాబాయి ఆడిన రోజుల్లోనూ సెట్టు 15కే. కాకపోతే అప్పట్లో సర్వీసు చేతిలో ఉన్నవాళ్లకే పాయింటు. అవతలివాళ్ల సర్వీసు మీద ర్యాలీ (సర్వీసు నుంచి బంతి కింద పడేదాకా సాగే ఆట) గెలిస్తే మనకి దక్కేది సర్వీసు మాత్రమే, స్కోరు కదలదు. మా ఊరి హైస్కూలు గ్రౌండులో 11-9 దగ్గర మొదలైన సర్వీసుల మార్పిడి పొద్దుగూకేదాకా 11-9 దగ్గరే నడవడం నేను చూశాను. నెట్టు ఒక కొస తాటిమొద్దుకీ ఇంకో కొస పంచాయతీవాళ్లు పాతిన ఇనప స్తంభానికీ కట్టేవాళ్లు. లైన్లు సున్నంతో. చీకటి పడుతున్నకొద్దీ బంతి కనపడదు, చేతికి తగిలిన చప్పుణ్ణి బట్టి ఆడాలి. అన్నానికి రమ్మని ఇళ్లనుంచి కేకలు వినిపిస్తున్నా ఒక్కడూ కదిలేవాడు కాదు, ఎందుకంటే స్కోరు 11-9.

1998లో అంతర్జాతీయ సమాఖ్య ఆ పద్ధతి తీసేయాలని నిర్ణయించింది. ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టుకి 25, అయిదో సెట్టు మాత్రం 15కి. అదీ టీవీ కోసం జరిగిన మార్పే. మా ఊరికి ఆ రూలు చేరడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, చేరాక పెద్దవాళ్లు నెలరోజులు గొణిగారు. కానీ 25 అనే అంకె వేసినవాళ్లు లెక్క తెలిసినవాళ్లు. ఆట కుదురుకోవడానికి, చెదరడానికి, మళ్లీ కుదురుకోవడానికి అందులో చోటుంది.

మన లీగు ఏం చేసిందంటే పాత అంకెని తెచ్చి కొత్త పద్ధతికి తగిలించింది. ప్రతి ర్యాలీకీ పాయింటు, ప్రతి సెట్టూ 15కే. మిగతా ప్రపంచంలో అయిదో సెట్టుకి మాత్రమే వాడే కొలత ఇది. అంటే మన దగ్గర ప్రతి సెట్టూ అయిదో సెట్టే. వినడానికి బాగుంది కదా? నాకూ మొదట్లో బాగానే ఉండేది. పది మ్యాచ్‌లు చూశాక, పడకసీను లేదు, రాయబారం లేదు, తెర లేవగానే యుద్ధం సీను వేసే నాటకం చూస్తున్నట్టు అనిపించడం మొదలైంది. పద్యం అందుకునేలోపే తెర పడుతుంది.

నేను లిఫ్టర్‌ని. టీవీలో సెట్టర్ అంటారు, మా వైపు లిఫ్టరే. లిఫ్టర్ పనిలో సగం బంతి వేయడం, మిగతా సగం అబద్ధాలాడటం. సెట్టు మొదట్లో అవతలి మధ్యవాడికి, అంటే నెట్టు మధ్యన బ్లాకు చేసేవాడికి, ఓ అలవాటు నేర్పేవాణ్ణి. మనవాళ్లు సర్వీసు శుభ్రంగా అందించిన ప్రతిసారీ నెట్టు పక్కనే పొట్టిగా మధ్యకి వేసేవాణ్ణి. ఒకటి పడుతుంది, ఒకటి బ్లాకవుతుంది. మనవాళ్లు తిడతారు. తిట్టనీ. నాలుగోసారికి ఆ మధ్యవాడు నా చెయ్యి లేవగానే ఎగరడం మొదలుపెడతాడు. వాణ్ణి అలా ఎగరనిచ్చి, ఎగరనిచ్చి, 18 దాటాక అదే నడుం వంపు, అదే చెయ్యి ఊపు, బంతి మాత్రం తల మీంచి వెనక్కి. వాడు గాల్లో ఉంటాడు. కుడికొసన మనవాడు ఖాళీ నెట్టు ముందు ఒంటరిగా ఉంటాడు. ఆ ఒక్క షాటుకి అప్పు మొదటి పది పాయింట్లలోనే చేసి పెట్టుకుంటాం. 15కి ఆడే సెట్టులో వడ్డీ వసూలు చేసే రోజు రాదు. 8 దగ్గరే సగం సెట్టు అయిపోతుంది. అందుకే మన లీగులో మంచి లిఫ్టర్లు కూడా సురక్షితంగా, ఎత్తుగా, కొసనున్న పెద్ద షాటుగాడికే ఎక్కువ వేయడం చూస్తాను. వాళ్లది తప్పు కాదు. అంత తక్కువ సరుకుతో వ్యాపారం అలాగే చేయాలి.

బాబాయి అన్న ఎడంచేతివాడి సంగతి కాగితం మీద వేసి చూశాను. 25-22 సెట్టులో 47 ర్యాలీలు. సర్వీసు అందుకున్న జట్టు నూటికి 65 ర్యాలీలు గెలుస్తుందనుకుందాం. సర్వీసు తిరిగి చేతికొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో చోటు జరుగుతారు కాబట్టి ఒక్కో జట్టు ఇంచుమించు 15 సార్లు తిరుగుతుంది, అంటే ఆరుగురూ రెండున్నర చుట్లు వేస్తారు. 15-12 సెట్టులో ఉండేవి 27 ర్యాలీలే. తిరగడం తొమ్మిది సార్లు, చుట్టు ఒకటిన్నర. జట్టులో సగంమందికి సెట్టు మొత్తంలో సర్వీసు ఒక్కసారే వస్తుంది. ప్రతి జట్టుకీ ఒక బలహీనమైన రొటేషన్ ఉంటుంది, ముందు వరసలో పొట్టివాళ్లిద్దరు పడే చోటు. దాన్ని అవతలివాళ్లు కనిపెట్టడం, మళ్లీ ఆ రొటేషన్ వచ్చేదాకా కాచుక్కూర్చోవడం, కోచ్ దాన్ని దాచడానికి తంటాలు పడటం, వాలీబాల్‌లో సగం చదరంగం అక్కడే ఉంది. ఒకటిన్నర చుట్లలో కనిపెట్టేదెప్పుడు, కాచుకునేదెప్పుడు?

ఇది చాలదన్నట్టు సూపర్ పాయింట్ ఒకటి. ఓ జట్టు అడగ్గానే లైట్లు మారతాయి, ఆ ర్యాలీకి 2 పాయింట్లు. ఎదురుదెబ్బ లేని సర్వీసు పడితే సూపర్ సర్వ్, దానికీ 2. 15 పాయింట్ల సెట్టులో 2 అంటే దాదాపు ఏడో వంతు. మా అబ్బాయి ఆ లైట్లు మారగానే కుర్చీ ఎక్కి నిలబడతాడు, వాడి ఆనందాన్ని కాదనలేను. బాబాయి మాత్రం, "ఒక బంతికి రెండు కూలీలేంట్రా" అన్నాడు.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అది బలమైన మాటే. ఈ దేశంలో వాలీబాల్ లీగు బతికి బట్టకట్టడమే గొప్ప. 2011లో ఇండియన్ వాలీ లీగ్ అని మన దేశ వాలీబాల్ సమాఖ్యే ఒకటి పెట్టింది. ఆరు జట్లు. వాటిలో మన వైపువి రెండు, హైదరాబాద్ చార్జర్స్, యానాం టైగర్స్. అవును, యానాం. హైదరాబాద్, కర్ణాటక, కేరళ, చెన్నై, మరాఠా అనే పేర్ల పక్కన గోదావరి ఒడ్డున ఉన్న ఆ బుల్లి ఊరి పేరు. ఏ నగరానికి ఎంత మార్కెట్టుందో లెక్కలేసే ఇప్పటి రోజుల్లో అలాంటి పేరు పట్టికలోకి రానే రాదు. చెన్నై స్పైకర్స్ గెలిచింది. రెండో ఏడు లీగే లేదు. 2019లో ప్రో వాలీబాల్ లీగ్ కొచ్చిలో, చెన్నైలో జరిగింది, చెన్నై స్పార్టన్స్ గెలిచింది. స్టేడియాలు నిండాయి. ఆ ఏడాదే సమాఖ్యకీ నిర్వాహకులైన బేస్‌లైన్ వెంచర్స్‌కీ చెడి, వ్యవహారం మద్రాసు హైకోర్టుకెక్కింది. ఆట మళ్లీ ఆగిపోయింది.

అన్నిటికీ తట్టుకుని 2022 ఫిబ్రవరిలో, సమాఖ్యతో పని లేకుండా, జట్ల యజమానులే భాగస్వాములుగా ప్రైమ్ వాలీబాల్ మొదలైంది. కొచ్చిలో అనుకున్నది కొవిడ్ వల్ల గచ్చిబౌలికి వచ్చింది. ఏడు జట్లు, 24 మ్యాచ్‌లు, ఖాళీ కుర్చీలు. మొదటి మ్యాచ్‌లో బ్లాక్ హాక్స్ కొచ్చి బ్లూ స్పైకర్స్‌ని 4-1తో కొట్టింది. నాలుగూ ఒకటీ ఏంటంటారేమో, గెలుపు తేలిపోయినా అయిదు సెట్లూ ఆడాలన్నది అప్పటి లీగు దశ రూలు. మా ఇంటికి గంట దూరంలో మా ఊరి జట్టు మొదటి మ్యాచ్ ఆడి గెలిచింది, నేను సోఫాలో కూర్చుని చూశాను. ప్రసారానికి రెండు గంటల లోపు తేలిపోయే ఆట కావాలి, 25కి ఆడే అయిదు సెట్లు ఎప్పుడు ముగుస్తాయో బ్రహ్మకి కూడా తెలియదు. ప్రకటనల డబ్బు లేకపోతే లీగే లేదు. ఇదంతా నాకు అర్థమవుతుంది. ఆటగాళ్లకి వచ్చే డబ్బూ పెరిగింది. 2019 వేలంలో అత్యధిక ధర 13 లక్షలు, 2025 వేలంలో 22.5 లక్షలు. క్రికెట్ పక్కన పెడితే చిల్లరే. కానీ బాబాయి తరంలో ఊరూరా టోర్నమెంటు ఆడితే దక్కేది స్టీలు బిందె, శాలువా.

అయినా అడుగుతాను. ఎనిమిదేళ్ల ముందు 2014లో కబడ్డీ ఇదే దారి తొక్కింది. అది నిలబడింది. కబడ్డీ మ్యాచ్ 40 నిమిషాలు, కత్తిరించే పనే లేదు. అక్కడ కొన్ని రూల్సు మారినా ఆట పొడవు తగ్గలేదు, అసలు మారింది కెమెరా. కూతలో ఊపిరి, గీత మీద బొటనవేలు, చీలమండ పట్టు, అన్నీ మన కంటి దగ్గరికి తెచ్చి చూపించారు. వాలీబాల్‌లో లిఫ్టర్ వేళ్లు, బ్లాకర్ కళ్లు, వెనక వరసలో బంతి లేపే లిబరో మోకాళ్లు అలా చూపించొచ్చు. అది వదిలేసి సెట్టుని నరికారు.

సెట్టు సంగతి పక్కన పెట్టినా సీజను మరీ చిన్నది. మూడు నుంచి అయిదు వారాలు, అయిపోయింది. దీనికి కారణం లీగు ఒక్కటే కాదు. మన ఆటగాళ్లలో చాలామంది ఉద్యోగస్తులు. రైల్వే, సైన్యం, పోలీసు, బ్యాంకులు, చమురు కంపెనీలు వీళ్లకి జీతమిస్తాయి. ఆ సెలవు దొరికినన్నాళ్లే లీగు. ఇంటికి బియ్యం పంపేది ఆ ఉద్యోగం కాబట్టి దాన్ని వదిలేయమని నేననను, బాబాయి బతికిందీ దాని మీదే. కానీ జపాన్‌లో ఎస్‌వి లీగ్ 2024లో కొత్తగా మొదలైనప్పుడు ఒక్కో పురుషుల జట్టు సీజన్లో 44 మ్యాచ్‌లు ఆడింది, సగం సొంత ఊళ్లో. ఇటలీ, పోలండ్ లీగులు శరదృతువులో మొదలైతే వేసవి దాకా నడుస్తాయి. అన్నీ 25కే.

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు అంతకుముందు రజతం గెలిచిన దక్షిణ కొరియాని ఓడించారు. 25-27, 29-27, 25-22, 20-25, 17-15. ఒకసారి కూడి చూడండి. మనకి 116, వాళ్లకి 116. రెండు జట్లూ కొట్టిన పాయింట్లు సమానం, మ్యాచ్ మాత్రం మనది. రెండో సెట్టు 15కి ముగిసే ఆటైతే ఆ 29-27 ఎక్కడినుంచి వచ్చేది? మొదటి సెట్టు 27 దాకా లాగి పోగొట్టుకున్నవాళ్లు రెండోది 29 దాకా లాగి తెచ్చుకున్నారు. అశ్వల్ రాయ్ లాంటి మన లీగు కుర్రాళ్లే ఆడారు, లీగులో ఎప్పుడూ ఆడని పొడవు అది. లీగు వాళ్లకి భయం పోగొట్టిందంటే ఒప్పుకుంటాను. క్వార్టర్ ఫైనల్లో జపాన్ 3-0తో తేల్చేసింది, పాకిస్తాన్ కూడా 3-0తోనే ఓడించింది, మనం ఆరో స్థానంలో ఆగాం. అదే డిసెంబరులో బెంగళూరులో ప్రపంచ క్లబ్ చాంపియన్‌షిప్ జరిగితే మన చాంపియన్ అహ్మదాబాద్ డిఫెండర్స్ గ్రూపు దశ దాటలేదు. ఇటలీ క్లబ్బు పెరూజియా కప్పు పట్టుకెళ్లింది. వీటికి 15 పాయింట్ల సెట్టే కారణమనడం అన్యాయం. ఎత్తు, శిక్షణ, డబ్బు, ఎన్నో ఉన్నాయి. కానీ పరీక్ష మూడు గంటలని తెలిసి ఏడాదంతా గంటన్నర పరీక్షలే రాయించే బడికి మీ పిల్లల్ని పంపుతారా?

ఇంకొకటి. 2022లో కోల్‌కతా థండర్‌బోల్ట్స్ గెలిచింది. 2023లో అహ్మదాబాద్. 2024లో కాలికట్ హీరోస్. ఈ మూడు ఊళ్లలో ఈ నాలుగు సీజన్లలో ఒక్క లీగు మ్యాచ్ కూడా జరగలేదు. మొదటిది హైదరాబాద్, రెండోది బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి, మూడోది మొత్తం చెన్నై, నాలుగోది మళ్లీ హైదరాబాద్. కాలికట్, అదే కోజికోడ్, అంటే వాలీబాల్ కోసం పొలాల్లో గ్యాలరీలు కట్టే ప్రాంతం. వాళ్ల జట్టు కప్పు గెలిస్తే వాళ్లు ఫోన్లో చూశారు. మనకి అదృష్టం కలిసొచ్చి మూడుసార్లు మన ఇంటి ముందుకొచ్చింది, అందులో ఒకసారి తలుపులు మూసి ఉన్నాయి. జట్టు పేరులో ఊరి పేరుంటే సరిపోదు, ఆ ఊరివాళ్లు ఓడిపోయిన రాత్రి ఆటోలో తిట్టుకుంటూ ఇంటికి పోవాలి.

ఆడపిల్లల మాట ఎత్తితే ఇదంతా చిన్న గొడవనిపిస్తుంది. నాలుగు సీజన్లయింది, మహిళల లీగే లేదు. మనం పి.వి. రమణ గారిని సింధు నాన్నగా చెప్పుకుంటాం. ఆయన 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన జట్టులో ఆడారు, 2000లో అర్జున అందుకున్నారు. ఆ కంచు తర్వాత ఆసియా క్రీడల వాలీబాల్లో మనకి పతకం లేదు. సింధు అమ్మ విజయ గారూ వాలీబాల్ క్రీడాకారిణే. ఇవాళ విజయ గారిలాంటి అమ్మాయి మా జిల్లాలో ఉంటే ఆమెకి టీవీలో చూపించడానికి ఒక్క జట్టు లేదు. 15కి ఆడినా నేను నోరు మూసుకుని చూస్తాను, ముందు మొదలుపెట్టండి.

ఇంతా రాసి, మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. నా వాదనకి అక్కడే చిల్లు పడింది.

హైస్కూలు గ్రౌండులో టోర్నమెంటు. చుట్టుపక్కల మండలాల నుంచి 22 జట్లొచ్చాయి. ఫ్లడ్‌లైట్లు, మైకు, వేరుశనక్కాయల బండి. కమిటీ కుర్రాడు మైకులో ప్రకటించాడు: "టైము తక్కువుంది కాబట్టి సెట్లు 15కి." నేను బాబాయి వంక చూశాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, "22 జట్లుంటే ఏం చేస్తార్రా, తెల్లారిపోద్ది" అన్నాడు. ఈయనేనా గచ్చిబౌలిలో గొడవ చేసింది?

రాత్రి ఒకటిన్నరకి సెమీస్‌కొచ్చింది. మళ్లీ మైకు: "ఇక్కణ్ణించి 25." ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆశ్చర్యపోలేదు. వాళ్లకది మామూలు సంగతి. అవసరమైన చోట కోసుకుంటారు, అసలైన చోట కొయ్యరు. లీగుని నేను అడగదల్చుకున్నదీ అంతే. లీగు దశ మీ ఇష్టం, లైట్లు మార్చుకోండి, రెండు కూలీలిచ్చుకోండి. సెమీఫైనల్స్, ఫైనల్ 25కి ఆడించండి. మూడు మ్యాచ్‌లు. మూడంటే మూడే.

రెండో సెమీస్ మూడో సెట్టు. మా ఊరి లిఫ్టర్ ఇంటర్ చదివే పిల్లాడు, సన్నగా రెల్లుపుల్లలా ఉన్నాడు. సెట్టు మొదట్నుంచీ మధ్యకే వేస్తున్నాడు, రెండుసార్లు బ్లాకయింది, మా వాళ్లు బూతులు తిడుతున్నారు. బాబాయి మాట్లాడటం లేదు, కుర్చీ అంచుకి జరిగాడు. 26-26 దగ్గర జనరేటరు ఆగిపోయింది. డీజిల్ అయిపోయిందట. చీకట్లో ఎవరో ట్రాక్టరు తెచ్చి నెట్టుకి అడ్డంగా నిలబెట్టి హెడ్‌లైట్లు వేశారు, రెండోవైపు ఇంకోటి వచ్చింది. దుమ్ములో నెట్టు నీడ కోర్టంతా పరుచుకుంది.

"సర్వీసెవరిది?" అన్నాను.

"ఉండరా," అన్నాడు బాబాయి. "ఈడిప్పుడు ఎనక్కేస్తాడు చూడు."